ఎడమకాలి చదువు

డ్రైవింగ్ స్కూల్లో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె క్లచ్ మేడమే. ఆ బిరుదు ఊరికే రాలేదు. కొత్తగా బండెక్కిన ప్రతివాళ్ళకీ ఆమె ముందు చెప్పే మాట ఒకటే: "స్టీరింగ్ ఎవరైనా తిప్పుతారు. ఎడమకాలికి బుద్ధుంటేనే డ్రైవరు." ఎత్తు మీద ఆపిన డీజిల్ కారు వెనక్కి జారకుండా ముందుకు కదిలితే తప్ప ఆమె నోట "ఫర్వాలేదు" అన్న మాట వచ్చేది కాదు.

అలా ఆమె దగ్గర నెగ్గుకు రాలేకపోయినవాళ్ళలో సొంత అత్తగారు కూడా ఉంది. ఆవిడ క్లచ్ వదిలినప్పుడల్లా కారు కుప్పిగంతులు వేసి ఆగిపోయేది. "అత్తయ్యా, ఇది మీవల్ల అయ్యే పని కాదు" అని కోడలు తేల్చేసింది. అత్తగారు ఆ మాట మనసులో పెట్టుకుంది.

ఇంతలో, పొగ తగ్గించాలంటూ ప్రభుత్వం ఓ నిబంధన పెట్టింది. ఇకమీదట నేర్పే కార్లన్నీ బ్యాటరీవే అయి ఉండాలట. స్కూలు యజమాని పాత బళ్ళు వదిలించుకుని తళతళలాడే కొత్త కారు తెచ్చాడు.

"మొదటి రౌండు మీదే మేడమ్!" అంటూ పక్క సీట్లో కూర్చున్నాడు.

కారు చడీచప్పుడూ లేకుండా కదిలింది. మలుపు దగ్గర, అలవాటు ప్రకారం, ఆమె ఎడమకాలు క్లచ్ కోసం వెళ్ళింది. అక్కడ క్లచ్ ఏది? కాలికి తగిలిన బ్రేకునే నేలదాకా తొక్కేసింది. యజమాని కళ్ళజోడు ఎగిరి ముందు అద్దానికి కొట్టుకుంది. క్షమాపణ చెప్పి మళ్ళీ బయల్దేరింది. తర్వాతి మలుపులోనూ అదే వరస. వెనక ఆటోవాడి తిట్లు కారు అద్దాలు దాటి లోపలికి వినిపించాయి.

"మీరు కొన్నాళ్ళు ఆఫీసులో ఫోన్లు ఎత్తండి" అన్నాడు యజమాని, నుదురు తడుముకుంటూ.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. "ఒక్క ఆదివారం బండి నాకివ్వండి సార్" అని బతిమాలింది. ఆయన ఒప్పుకున్నాడు గానీ, కారును మాత్రం తనే నడిపి వాళ్ళింటి దగ్గర వదిలి వెళ్ళాడు.

ఆదివారం పొద్దున్నే ఇంటి వెనక, మూతపడ్డ గోదాము ఆవరణలో సాధన మొదలైంది. నాలుగు గజాలు పోవడం, ఠక్కున ఆగడం. గోడ పక్కన నిలబడి చూస్తున్న అత్తగారు ఇక ఉండబట్టలేక దగ్గరికొచ్చి, లోపలికి తొంగిచూసింది.

"ఇందులో ఆ మూడోది లేదేం?"

"లేదు అత్తయ్యా."

"ఒకటి తొక్కితే పోతుంది, ఇంకోటి తొక్కితే ఆగుతుంది. అంతేనా?"

"అంతే."

"అయితే కాస్త జరుగు."

కోడలు పక్క సీట్లోకి జరిగింది. అత్తగారు ఆవరణంతా మెత్తగా ఒక చుట్టు చుట్టి, బయల్దేరిన చోటే ఆపింది. ఆవిడ కాలికి మరిచిపోవాల్సిందేమీ లేదు మరి! కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఇప్పుడు నువ్వు రా. ఎడమకాలి చెప్పు విప్పు. మడమ సీటు దగ్గరికి లాక్కో. ఆఁ! మళ్ళీ కదిపావు!" అత్తగారు కోడలి మోకాలు మీద చెయ్యేసి అదిమి పట్టింది. "నేను చెప్పేదాకా కదపకు."

అచ్చం కోడలు శిష్యుల్ని గదిమినట్టే గదిమింది. ఎదురుచెప్పే మొహం లేక కోడలు బుద్ధిగా నేర్చుకుంది. సాయంత్రానికి కాలు మాట విన్నది. సోమవారం యజమాని మళ్ళీ ఆమెకే బండి అప్పగించాడు.

అత్తగారు లైసెన్సు తెచ్చుకుని, ఊళ్ళో ఉన్న స్నేహితురాళ్ళందరినీ స్కూల్లో చేర్పించింది. "మా కోడలికి నేర్పింది నేనే" అని మాత్రం ఎవరికీ చెప్పకుండా ఉండలేదు. ఈ కొత్తవాళ్ళు చిటికెలో నేర్చుకుని వెళ్ళిపోయేవారు. స్కూలు నిండేది మాత్రం పాత శిష్యులతోనే. బ్యాటరీ కారు కొని, అడుగడుగునా బ్రేకు తొక్కి, పక్కనున్నవాళ్ళ చేత తిట్లు తిని వచ్చేవాళ్ళు. క్లచ్ మేడమ్ తను ఎండనక వాననక నేర్పినదాన్నే, ఇప్పుడు అదే ఓర్పుతో మరిపించేది.

"ఆ రోజుల్లో కాలు కదపలేదని తిట్టారు, ఇప్పుడు కదిపానని తిడుతున్నారు. ఇదేం న్యాయం మేడమ్?" అన్నాడొక బ్యాంకు ఆఫీసరు.

"అప్పుడు బాగా నేర్చుకున్నారండీ. ఇప్పుడదే మీ తప్పు" అందామె.

ఆయన నవ్వి కారు కదిలించాడు. వంతెన ఎత్తు మీద సిగ్నల్ పడింది. కారు చప్పుడు లేకుండా, జారకుండా దానంతటదే నిలబడింది. పక్క వరసలో ఒక పాత డీజిల్ బండి దడదడలాడుతోంది. ఆమె అద్దం దించి ఆ చప్పుడు కాసేపు విన్నది. ఆ వెంటే లోపలికొచ్చిన పొగకు దగ్గొచ్చి, గబగబా అద్దం ఎత్తేసింది.