అక్కయ్య ముట్టుకోవద్దన్న ప్రోగ్రాం

కంప్యూటరును శుభ్రంగా ఉంచడంలో తమ్ముడిని మించినవాడు ఈ భూప్రపంచంలో లేడు. ప్రతి శనివారం పనికిరాని పాత ఫైళ్లన్నీ ఏరి పారేస్తాడు. అందుకు అక్కయ్య రెండు కప్పుల టీ ఇస్తుంది.

అక్కయ్యది ఎంబ్రాయిడరీ కొట్టు. గుమ్మం పక్కన మిషను, దాని పక్కన కంప్యూటరు, గోడ నిండా దారపు కండెలు. కంప్యూటరులో పేరు కొడితే ఒక పాత ప్రోగ్రాం దాన్ని మిషనుకు అర్థమయ్యేలా చెబుతుంది, మిషను కుడుతుంది.

ఆ రోజు నాలుగింటికల్లా కొత్త హోటలుకు నలభై ఏప్రన్లు పేర్లతో సహా ఇవ్వాలి. నచ్చితే ఏడాది పొడుగునా పని ఆమెకే. ఇరవై అయ్యాక అక్కయ్య భోజనానికి లేచింది. చేతులు ఊరుకోని తమ్ముడు అప్‌డేట్ నొక్కాడు.

కొత్త ప్రోగ్రాం వచ్చి పాతదాన్ని మెడపట్టి గెంటింది. మిషను వంటపెద్ద పేరుకు బదులు పరీక్ష గుడ్డ మీద గుబురు మీసం కుట్టి ఆగిపోయింది.

అక్కయ్య చెయ్యి కడుక్కోకుండానే వచ్చింది. "ఏంట్రా ఇది?"

"మీసమక్కా."

"అది తెలుస్తోందిలే! నిన్ను ముట్టుకోమన్నదెవరు?"

"కొత్తది బాగుంటుందని..."

"నడుస్తున్న బండికి చక్రం పీకుతావా? పాతది తెచ్చి పెట్టు."

ప్రోగ్రాములు తెచ్చి అమర్చే ప్యాకేజీ మేనేజరును అడిగాడు తమ్ముడు. ఆ వెర్షను ఇప్పుడు లేదు పొమ్మంది. పేరు తిప్పి రాసినా అదే మాట. ముక్కూమొహం తెలియనివాడెవడి సైటులోనో ఉందన్నాడు.

"వీధిలో దొరికిన సూది మిషనుకు పెడతామా? వద్దు," అంది అక్కయ్య.

గడియారం రెండు దాటింది. అప్పుడు తమ్ముడికి ఒక సంగతి గుర్తొచ్చింది. ప్యాకేజీ మేనేజరు ఒకసారి తెచ్చినదానికి కాపీ ఒకటి కంప్యూటరులోనే ఓ మూల దాస్తుంది. శనివారం శుభ్రం చేస్తే ఆ మూల ఖాళీ అయిపోతుంది. చేస్తేనే సుమా!

"అక్కా, పాతది దొరకొచ్చు. నువ్వు తిట్టకూడదు మరి."

"దొరికితే తిట్టను. చెప్పి చావు."

"శనివారాలు నేనేం తుడవలేదు. కుర్చీలో కునుకు తీశాను."

"మూడేళ్లుగానా!"

"మధ్యలో జ్వరమొచ్చిన వారం తప్ప. ఆ వారం ఇంట్లో పడుకున్నా."

తెరిచి చూస్తే పాత ప్యాకేజీలన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి. కావలసింది అమర్చి, మళ్లీ ఏ అప్‌డేటూ కదపకుండా తాళం వేశాడు. కాపీ ఒకటి పెన్‌డ్రైవులో ఎక్కించి సూదుల డబ్బాలో పెట్టించింది అక్కయ్య. మిషను గలగలా అందుకుంది. నాలుగుకు ఐదు నిమిషాలుందనగా నలభయ్యో ఏప్రను మడత పడింది. హోటలావిడ పేర్లు తడిమి చూసి, టేబుల్ గుడ్డలు కూడా మీరే కుట్టాలంది.

"నీ బద్ధకం చల్లగుండ! ఇక శనివారం టీ బంద్," అంది అక్కయ్య.

తమ్ముడు మొహం వేలాడేశాడు.

"రోజూ ఇస్తాలేరా. ఆ మూల జోలికి మాత్రం పోకు."

ఇందులో ప్రతి అక్షరం నిజం, మీసం తప్ప. మిషను నిజానికి ఏమీ కుట్టలేదు, కూయ్‌మని మొరాయించింది. అంతటి మిషను కథలోకొచ్చి ఉత్తినే కూర్చుంటే బాగుండదని మీసం నేనే కుట్టాను.