ఫ్రిజ్ మీద పద్నాలుగు వారాలు

ఆ ఏడాది జూలై మొదటి సోమవారం, నేను పనిచేసే కళ్ళ క్లినిక్ వంటగదిలో ఫ్రిజ్ తలుపుకి ఒక పెద్ద కాగితం అంటించాను. అందులో వారానికొకటి చొప్పున పద్నాలుగు గళ్ళు. ఆప్టోమెట్రీ, అంటే కళ్ళ డాక్టరు చదువు చెప్పే స్కూలు ప్రవేశ పరీక్ష ఏడాదికి రెండే సార్లు జరుగుతుంది. అక్టోబర్ తప్పితే ఫిబ్రవరి, అప్పటికి సీట్లన్నీ నిండిపోతాయి. కోచింగ్ కావాలంటే ఫిలడెల్ఫియా పోవాలి, రానూ పోనూ ఆరు గంటలు. కాబట్టి నాకు నేనే పంతులమ్మని.

తెల్లవారుజామున ఆర్గానిక్ కెమిస్ట్రీ. మధ్యాహ్నం ముప్ఫై అయిదు నిమిషాల భోజన విరామంలో, కళ్ళు పరీక్షించే చీకటి గది ఖాళీగా ఉంటే అందులో టేబుల్ దీపం వేసుకుని, ఒక చేత్తో శాండ్‌విచ్, ఒక చేత్తో బయాలజీ. శనివారం గడియారం పెట్టుకుని పూర్తి మాదిరి పరీక్ష. ఆదివారం చర్చి నుంచి రాగానే ఫిజిక్స్. రాత్రి బడిలో ఆరేళ్ళు కూర్చుని డిగ్రీ తెచ్చుకున్నదాన్ని, పద్నాలుగు వారాలు ఒక లెక్కా అనుకున్నాను.

ముందు గదిలో ఫోన్లు చూసుకునే వెర్నా ఆ కాగితాన్ని నడుం మీద చెయ్యి వేసుకుని చదివింది.

"ఏమే టెక్లా, ఆదివారాన్ని కూడా వదల్లేదా? దేవుడికి ఏ గడి ఇచ్చావు?"

"ఎనిమిది నుంచి తొమ్మిది."

"ఫాదర్ ప్రసంగం సాగదీస్తేనో?"

"ఫిజిక్స్‌లో కోత పడుద్ది. మార్కులు పోతే ఆయన్నే అడుగుతా."

మూడో గడిలో చదువు లేదు. 'డాక్టర్ గారి ఉత్తరం' అని మాత్రమే ఉంది. మార్కులు ఎన్నొచ్చినా, ఒక కళ్ళ డాక్టరు సిఫారసు చేస్తూ రాసిన ఉత్తరం లేకపోతే స్కూలు వాళ్ళు దరఖాస్తే తెరవరు. మా బొగ్గు గనుల లోయ మొత్తానికి కళ్ళ డాక్టరు ఒక్కరే, డాక్టర్ స్టాఫర్. ఎనిమిదేళ్ళుగా నేను ఆయన దగ్గరే పనిచేస్తున్నాను.

అడిగితే నవ్వారు. "రాస్తాలే అమ్మాయ్. నీకు కాకపోతే ఇంకెవరికి రాస్తాను?"

నేను గడిలో టిక్కు పెట్టేశాను. మా ఊళ్ళో సరే అన్న మనిషిని రెండోసారి అడగడమంటే నీ మాట మీద నమ్మకం లేదని మొహం మీద చెప్పడమే. నేను రెండోసారి అడగలేదు. నా తప్పు అక్కడే ఉంది.

అయిదో వారం నుంచి శనివారాలు పోవడం మొదలైంది. "మిసెస్ జెలింకాకి ఇంకో రోజు కుదరదట టెక్లా, ఒక్క గంట వచ్చి పో" అనేవారు డాక్టర్ గారు. వెళ్తే అక్కడ పదకొండు మంది కూర్చుని ఉండేవాళ్ళు. శనివారం పరీక్షని చెరిపి ఆదివారంలోకి తోశాను, ఫిజిక్స్‌ని బస్సు ప్రయాణంలోకి తోశాను. అయినా ఆయన మీద కోపం రాలేదు. నేను లేకపోతే ఆయనకి గడవదని నాకు తెలుసు.

గడవదు అని ఊరికే అనడం లేదు. రెండేళ్ళ క్రితం ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. అప్పటి నుంచి రోగి ముందు యంత్రంలో కటకాలు మారుస్తూ "ఒకటి బాగుందా, రెండు బాగుందా?" అని అడిగేది నేనే. అద్దాల నంబరు తేల్చేది నేనే. ఆయన పక్కన కూర్చుని గనుల సంగతులు, మనవల సంగతులు మాట్లాడి, చివర్లో సంతకం పెడతారు. ఈ విషయం ఊళ్ళో ఎవరికీ తెలియదు. నేను వెర్నాకి కూడా చెప్పలేదు.

పదకొండో వారం, మంగళవారం. డాక్టర్ గారు ఉత్తరాలన్నీ టేపులో చెబుతారు. నేను చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలి కింద పెడల్ తొక్కుతూ టైపు చేస్తాను. ఆ రోజు మొదటి ఉత్తరం ఒక షుగరు రోగి గురించి. రెండోది ఎవరిదో శుక్లం. మూడోది "ప్రవేశాల కమిటీ వారికి, మిస్ టెక్లా హుడాక్ గురించి" అని మొదలైంది.

టైపు చేసేది ఎవరో ఆ మనిషి మర్చిపోయారు. ఎనిమిదేళ్ళలో నా చేతులు ఆయనకి ఎంతగా కనబడకుండా పోయాయో అప్పుడు అర్థమైంది. ఆ ఉత్తరాన్ని చూసే హక్కు నాకు అక్కర్లేదని దరఖాస్తులో సంతకం కూడా పెట్టాను. పెడల్ మీంచి కాలు తీసెయ్యాలి. తియ్యలేదు.

"మిస్ హుడాక్ వేళకి వస్తుంది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. సహాయకురాలిగా ఈమెను మించినవారిని నేను చూడలేదు, ఈమె రాణించే చోటు అదేనని నా అభిప్రాయం. డాక్టరుకి ఉండవలసిన సొంత నిర్ణయశక్తి ఈమెకు ఉందని మాత్రం చెప్పలేను."

తర్వాత కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఎవరిదో గ్లాకోమా గురించి ఇంకో ఉత్తరం.

సొంత నిర్ణయశక్తి! ఈ లోయలో సగం మంది ముక్కుల మీద ఉన్నవి నా నిర్ణయాలే. ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది, హెడ్‌ఫోన్లు తియ్యకుండానే ఏడ్చాను.

ఆయన ఏ ఉత్తరమూ చదవకుండానే సంతకం పెడతారు. నాకు ఇష్టమొచ్చింది టైపు చేసి, మిగతా వాటి మధ్యలో దూర్చితే ఆ సాయంత్రానికే పని అయిపోయేది. అరగంట సేపు అదే ఆలోచించాను. చివరికి ఆయన చెప్పింది ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేశాను. ఇంకో కాగితం ఎక్కించి ఆయన రాసినట్టుగానే రెండో ఉత్తరం టైపు చేశాను: "రెండేళ్ళుగా నా రోగులకు అద్దాల నంబరు తేలుస్తున్నది మిస్ హుడాక్. ఒక్క జత కూడా తప్పని తిరిగి రాలేదు." అందులో పొగడ్త ఒక్కటీ లేదు, ఉన్నదంతా నిజం.

రెండూ తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టాను. రోగుల్ని అడిగే గొంతుతోనే అడిగాను.

"ఒకటి బాగుందా డాక్టర్, రెండు బాగుందా?"

ఆయన నవ్వబోయి కాగితాల వైపు చూశారు. నేను వచ్చాక సంతకానికి ముందు ఆయన ఒక ఉత్తరం చదవడం అదే మొదటిసారి. రెండూ చదివారు. చెవులు ఎర్రబడ్డాయి.

"రెండూ ఒకేలా ఉన్నాయి టెక్లా."

"రోగులు కూడా అలాగే అంటారు, భయం వేస్తే."

ఆయన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకున్నారు. "ఈ చెయ్యి చూస్తున్నావుగా. నువ్వు పోతే ఆ కటకాలు ఎవరు తిప్పుతారమ్మా? క్లినిక్ మూసుకోనా?"

"అది నాతో అనొచ్చుగా. మూడో వారంలోనే అనొచ్చుగా. పరీక్షకింక మూడు వారాలే ఉన్నాయి, ఇప్పుడు నేను ఎవర్ని అడగను?"

"అని ఉంటే ఉండిపోయేదానివా?"

నేను రెండో ఉత్తరాన్ని ఆయన వైపు జరిపాను. ఆయన కలం తీసి మొదటి ఉత్తరం మీద సంతకం పెట్టారు.

కవరు అంటించాక దాని మూత మీద అడ్డంగా కూడా సంతకం ఉండాలి. స్కూలు వాళ్ళ నియమం అది. చెయ్యి వణికి కవరు బల్ల మీద జారిపోతోంది. రెండుసార్లు జారింది. మూడోసారి కవరు కదలకుండా రెండు చేతులతో నేనే పట్టుకున్నాను, రోజూ ఆయన సంతకానికి అద్దాల చీటీలు పట్టుకున్నట్టే. చించి పారేస్తే ఉన్న ఒక్క ఉత్తరమూ పోతుంది. అందుకని నేనే తీసుకెళ్ళి పోస్టులో వేశాను.

మిగిలిన మూడు గళ్ళూ వదలకుండా చదివాను. ఫిజిక్స్‌లో నాలుగు వందలకి మూడు వందల ఎనభై వచ్చాయి. మార్చిలో స్కూలు వాళ్ళు నాలుగు వాక్యాల్లో వద్దన్నారు. వెర్నా కళ్ళు తుడుచుకుంది. డాక్టర్ గారు "పోనీలే, వాళ్ళకే నష్టం" అన్నారు.

ఆ జవాబునీ, సంతకం లేని రెండో ఉత్తరాన్నీ ఫ్రిజ్ మీద పద్నాలుగో గడి పక్కన అంటించాను. కాఫీలో పాలు పోసుకోవాలంటే ఆయన రోజూ ఆ తలుపు తెరవాలి. తీసెయ్యమని ఇంతవరకూ అనలేదు. ఈ మధ్య మాత్రం కాఫీ పాలు లేకుండా తాగుతున్నారు.