వేళ్ల క్లోజప్

పెళ్లిళ్లలో వీడియోలు తీసే చెల్లెలికి సొంతంగా ఐదు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీయాలని ఎప్పట్నుంచో కోరిక. కథ పెద్దదేం కాదు. వాచీలు బాగుచేసే మనిషి, అతని ఒక రోజు. అక్క మొగుడికి వాచీల కొట్టు ఉంది కాబట్టి హీరోని వెతుక్కునే పని తప్పింది.

ఆదివారం పొద్దున్నే కొట్టు తెరిపించి, ముందు రోడ్డవతల నుంచి లాంగ్ షాట్ తీసింది.

“అంత దూరం నుంచైతే నేను చీమంత కనబడతానే!” అని బావ అక్కణ్నుంచే కేకేశాడు.

“నీ కొట్టు ఎంత ఇరుకో ముందు జనానికి తెలియాలిగా బావా!”

కౌంటరు ముందు నిలబడి నడుం దాకా మిడ్ షాట్ పెట్టేసరికి బావ కనుబొమలు ఎగరేస్తూ నటన మొదలుపెట్టాడు. ఆమె తల పట్టుకుంది. “నువ్వేం నటించకు. నీ పని నువ్వు చేసుకో, చాలు.”

అతను భూతద్దం కంటికి బిగించి పనిలో పడ్డాక, కెమెరాను వేళ్ల దగ్గరికి జరిపి క్లోజప్ పెట్టింది. తెర మీద పట్టకారు కొన వణుకుతోంది. కెమెరా కదులుతోందేమోనని స్టాండు పట్టి చూసింది. గట్టిగానే ఉంది. అప్పటిదాకా తీసిన రెండు షాట్లలోనూ ఆ వణుకు జాడే లేదు.

“బావా, ఎన్నాళ్ల నుంచి?”

అతను భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. “ఆర్నెల్లయింది. మీ అక్కకు చెప్పకే.”

“డాక్టరుకు చూపించుకోకుండా కూర్చున్నావా?”

“చెయ్యి వణుకుతోందని తెలిస్తే కొట్టుకు ఎవరొస్తారు?”

ఆమె ఆ షాట్‌ను ఫిల్మ్‌లోంచి తీసేస్తానంది. అతను పట్టకారు కూడా పక్కన పెట్టాడు.

“ఉండనీ. మీ అక్కకు నోటితో చెప్పలేకపోతున్నా. అదే చూపిద్దాం.”

సాయంత్రం అక్కను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టారు. తెర నిండా వేళ్లు వచ్చేసరికి బావ నేలచూపులు చూశాడు.

“ఇందుకా ఇంత హడావుడి?” అంది అక్క. “నాలుగు నెలల నుంచి మీ గ్లాసులో టీ సగమే ఎందుకు పోస్తున్నాననుకున్నారు? మీ అంతట మీరే చెప్తారని చూస్తున్నా.”

బావ ముఖం ముందు చిన్నబోయింది. తర్వాత నెమ్మదిగా తేటపడింది.

మర్నాడే ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. మందులతో వణుకు కొంత తగ్గింది. అయినా అతను చేతి వాచీలు మానేసి గోడ గడియారాలే తీసుకుంటున్నాడు. ఫిల్మ్ పోటీకి వెళ్లింది కానీ, రోడ్డు మోత ఎక్కువైందని బహుమతి ఇవ్వలేదు. అక్క మాత్రం ఆ ఐదు నిమిషాలనూ తన ఫోన్‌లో వేయించుకుంది.