ఈశాన్యం నీళ్ళు

నేను ఒక తేమ లాగే యంత్రాన్ని. గాలిలో కనిపించకుండా దాగిన నీటిని పీల్చి, చల్లబరచి, నా కడుపులోని డబ్బాలోకి చుక్కచుక్కగా రాల్చడం నా పని. నన్ను తయారుచేసిన కర్మాగారంలో ఒక గదిని ఆవిరితో నింపి, నన్ను అందులో పెట్టి తలుపు మూశారు. గది ఆరిన తర్వాతే పనికొస్తానని ముద్ర వేశారు. ముందు బాధపెట్టి, తట్టుకుంటే మెచ్చుకోవడం మనుషుల పద్ధతి అని అప్పుడే తెలుసుకున్నాను.

దుకాణంలో కొంతకాలం నిలబడి, విశాఖపట్నంలో కామేశ్వరరావుగారి ఇంటికి చేరాను. ఆయన ఓడరేవులో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఇంటి కింది సెల్లారులో సినిమాలు చూసుకునే గది కట్టించుకున్నారు. మెత్తటి కుర్చీలు, గోడంత తెర. తలుపు తీస్తే మాత్రం ముక్కిపోయిన వాసన.

ఆ సెల్లారులోనే ఈశాన్యం మూల ఒక చిన్న గదిలో పైడితల్లి ఉండేది. ఆ ఇంటి వంటా, పాచిపనీ ఆమెవే. నా అన్నవాళ్ళు లేని మనిషి. ఆ గది తప్ప ఆమెకు తలదాచుకునే చోటు లేదు.

ఆమె గది గోడకు అవతల, నేలలో నీటి సంపు ఉంది. వాస్తు ప్రకారం దాన్ని ఈశాన్యంలో కట్టించారు. కట్టించిన ఏడాదే కామేశ్వరరావుగారికి పెద్ద హోదా వచ్చింది. తర్వాత సంపు పగిలి, నీరు గోడలోకి ఊరడం మొదలైంది. పగులు పూడ్చాలంటే కొన్నాళ్ళు సంపును ఎండబెట్టాలన్నాడు మేస్త్రీ. ఈశాన్యం ఎండితే ఇల్లే ఎండిపోతుందని కామేశ్వరరావుగారి భార్య వసుంధరగారు భయపడ్డారు. అందుకని సంపును వదిలేసి నన్ను కొని సినిమా గదిలో పెట్టారు.

నా డబ్బాలో చేరిన నీటిని బయట పారబోయడానికి కూడా ఆవిడ ఒప్పుకోలేదు. ఈశాన్యం నీళ్ళు గుమ్మం దాటకూడదట. రోజూ పొద్దున పైడితల్లి ఆ నీటిని తీసుకెళ్ళి సంపులో పోసేది. అది పగుళ్ళగుండా గోడలోకి, గోడనుంచి గాలిలోకి వచ్చి, మళ్ళీ నన్నే చేరేది. నా శ్రమకు అర్థం ఉందా అని నేను ఆలోచించేవాణ్ణి. పైడితల్లికి అంత తీరిక ఉండేది కాదు.

కార్తీకమాసంలో కామేశ్వరరావుగారు పాత స్నేహితులను సినిమాకు పిలిచారు. ఒకాయన లోపలికి వస్తూనే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"మా పైడితల్లి ఎండుచేపల ఘుమఘుమలు లెండి," అన్నారు కామేశ్వరరావుగారు.

పైడితల్లి కాఫీలు అందిస్తోంది. "కార్తీకం వొచ్చినకాణ్ణించి నీసు ముట్టనేదు బాబూ," అంది నెమ్మదిగా.

"కార్తీకం నీకు గాని, నీ గోడలకా?"

అందరూ నవ్వారు. పైడితల్లి కూడా నవ్వింది. గది నిలుపుకోవడానికి నవ్వింది.

సినిమా సగంలోనే తలనొప్పి అంటూ ఇద్దరు లేచిపోయారు. మిగిలినవాళ్ళూ వెళ్ళాక వసుంధరగారు అడిగారు: "పాపం, దాని పేరెందుకు చెప్పారండీ?"

"సంపు పేరు చెప్పమంటావా? ఇంజనీరై ఉండి పగిలిన సంపు పెట్టుకున్నాడని నవ్వరూ? పైడితల్లిని పంపించేద్దాం. అది పోతే ఇంకొకతె వస్తుంది. ఈశాన్యం పోతే మళ్ళీ వస్తుందా?"

వసుంధరగారు నా చప్పుడు ఎక్కువైందని నన్ను ఆపేసి పైకి వెళ్ళారు.

పున్నమి దీపం పెట్టుకుని వెళ్తానని పైడితల్లి బతిమాలింది. దీపం ఎక్కడ పెట్టినా దేవుడికి కనిపిస్తుందని కామేశ్వరరావుగారు నచ్చజెప్పారు. వెళ్ళేముందు ఆమె నా డబ్బాను ఎప్పటిలాగే సంపులో ఖాళీ చేసింది. చేసి, కొంగుతో నా మూత తుడిచింది.

వాసన అక్కడిదేనని నిరూపించడానికి నన్ను ఆమె గదిలోకి మార్చారు. పైడితల్లి తగిలించుకున్న క్యాలెండరు తీసిన చోట, ఆమె తల పెట్టుకునే మేర, గోడ నల్లగా బూజుపట్టి మెత్తబడి ఉంది. అది చూసి కామేశ్వరరావుగారు క్యాలెండరును మళ్ళీ తగిలించారు. నేను రేయింబవళ్ళు తోడాను. నా ఇనుము తుప్పుపట్టింది. చివరకు ఊపిరి ఆగింది.

ఈరోజు నన్ను పాత ఇనుముకు ఇచ్చేశారు. తోపుడుబండి కోసం గేటు దగ్గర ఎదురుచూస్తున్నాను. నాలో మిగిలిన నీటిని కొత్త పనిమనిషి ఇప్పుడే సంపులో పోసి వచ్చింది. ఆమె ఇంకా పైడితల్లి గదిలో అడుగు పెట్టలేదు. తన గిన్నెల మూట విప్పకుండా నా పక్కనే నిలబడి ఉంది.

సెల్లారులోంచి కామేశ్వరరావుగారి గొంతు వినిపించింది.

"ఏమేవ్, వస్తూనే చేపలు వండావా?"