బావ పంచిన లారీ

మా వీధిలో సైకిల్ సామాన్ల కొట్లు ఆరు. పక్క కొట్టుకు వెళ్తున్న మనిషిని చెయ్యి ఊపి ఇటు లాక్కోవడమే మా అందరి వ్యాపారం. అలాంటి మాకు టైర్ల కంపెనీ కబురు పెట్టింది: ఇకమీదట లారీ నిండా కొంటేనే సరుకు. అంత సరుకు నా కొట్లో పట్టదు, నా పెట్టుబడికి అందదు. తాళం వేయడమే మిగిలిందనుకున్నాను.

మా అక్క మొగుడు మిల్లు యూనియన్‌లో జెండా మోసినవాడు. మిల్లు మూతపడ్డాక రోజూ మా కొట్టుకు వచ్చేవాడు. లాభమంటే దోపిడీ అని గిరాకీలకు పాఠం చెబుతాడని ఆయన స్టూలు గుమ్మం బయటే వేయించాను. "పెట్టుబడి ఎటైనా వంగుతుంది బావా, మీ కమ్యూనిజం వంగలేక విరిగింది" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"ఆరుగురూ కలిసి లారీ దింపుకోండిరా" అన్నాడు బావ.

"ఒకడి నీడ ఒకడికి గిట్టదు. సరుకు ఎవడి చేతిలో పెట్టాలి?"

"కొట్టు లేనివాడి చేతిలో."

అంటే ఆయనే. యూనియన్ ఆఫీసు ఖాళీగానే ఉంది, గోదాము అయింది. వీధిలో బావతో గొడవపడనివాడు లేడు, ఆయన చేతిని అనుమానించినవాడూ లేడు.

మొదటి లారీని ఆరు సమాన భాగాలు చేశాడు. చివరి కొట్టువాడికి పిల్లల సైకిళ్ల బేరమే ఎక్కువ, పెద్ద టైర్లు వాడి దగ్గర గుట్టపడ్డాయి. నాకు వారంలోనే నిండుకున్నాయి. జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. పొత్తు చెడితే కొట్టు పోయినట్టే.

బావ కొట్టు కొట్టూ తిరిగి నా దగ్గరికొచ్చాడు. "ఏది ఎంత అమ్ముతావో చెప్పు. అమ్మకాన్ని బట్టే పంచుతా."

"మరి సమానత్వం?"

"టైరు మూలపడి పాడైపోతే ఎవడికిరా సమానం? కానీ ఒకటి. లోడు దింపే హమాలీలకు లాభంలో వాటా ఇవ్వాలి."

"కూలి ఇస్తున్నాంగా బావా."

"కూలి వేరు, వాటా వేరు. నేనో మెట్టు దిగాను. నువ్వూ దిగు."

దిగాను. మిగతావాళ్లనూ దింపాను. లెక్క చూస్తే అదీ లాభానికే వచ్చింది, తమ వాటా ఉందని హమాలీలే కాపలా కాశారు, ఒక్క టైరూ మాయం కాలేదు. ఇద్దరమూ వంగాం, కానీ ముందు వంగింది ఆయన. ఈ రోజు నా కొట్టు తలుపు తెరుచుకుంటోందంటే అది ఆయన చలవే.

స్టూలు ఇప్పుడు లోపల, గల్లాపెట్టె పక్కన ఉంది. నిన్న నేను భోంచేసి వచ్చేసరికి ట్యూబు కోసం వచ్చిన హమాలీ భార్యతో బావ అంటున్నాడు, "ఇంకేం తగ్గదమ్మా. వీధంతా ఒకటే ధర."

"మనవాళ్లే బావా, తగ్గించు" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్విక వ్యాపారానికి పనికిరావురా" అంటూ ట్యూబు చుట్టి ఇచ్చాడు, తగ్గించిన ధరకే.