బాబిన్ అత్తయ్య చుట్టిన వైరు

వీధిలో అందరూ ఆవిడను బాబిన్ అత్తయ్య అనేవారు. ముప్పయ్యేళ్లు కుట్టుమిషను ముందే గడిపిన మనిషి. దారమైనా, సంచి మూతి ముడైనా ఆవిడ బిగించిందంటే బిగిసినట్టే. ఊరందరి బట్టలూ వదులు చేసిపెట్టేది గానీ తన స్వభావాన్ని మాత్రం అంగుళమైనా వదులు చేసుకోలేదు.

కోడలు రోజూ సాయంత్రం లాప్‌టాప్ మూసి లేవగానే ఆవిడ చేతులు దురద పెట్టేవి. ఛార్జర్ వైరును దాని నల్లపెట్టె చుట్టూ, బాబిన్‌కు దారం ఎక్కించినట్టు, వరస మీద వరస గట్టిగా చుట్టి, కొసను లోపలికి దోపేది. అంతటితో ఆగిందా? పెట్టెకు దుమ్ము పడుతుందని దూది పెట్టి ఒక కవరు కూడా కుట్టి తొడిగింది. పైగా, "వస్తువంటే శ్రద్ధ ఉండాలమ్మా," అని రోజుకొకసారి పాఠం చెప్పేది.

ఆ రోజు ఉదయం పదింటికి ఛార్జర్ దీపం వెలగలేదు. కోడలు వైరును వంచి పట్టుకుంటే మిణుకుమంది, వదిలేస్తే ఆరిపోయింది. రెండేళ్లుగా ఎదురుచూస్తున్న ఇంటర్వ్యూ ఆ లాప్‌టాప్‌లోనే, పన్నెండింటికి.

"చూశావా? లాగుతావు, ఈడుస్తావు, కాళ్ల కింద వేసుకుంటావు. నేను నెత్తీ నోరూ కొట్టుకుంటూనే ఉన్నా!"

"తిట్లు తర్వాత, అత్తయ్యా. బ్యాటరీ పద్నాలుగు శాతమే ఉంది. నేను లాప్‌టాప్ ఆపేసి కాగితాలు చూసుకుంటా. మీరు ఈ ఛార్జర్ తీసుకుని రిపేరు షాపుకు వెళ్లొస్తారా?"

"వెళ్తా. వచ్చాక ఎలా వాడాలో కూడా నేర్పిస్తా."

షాపాయన ఛార్జర్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఏంటమ్మా, దీనికి స్వెటర్ తొడిగారు?"

"దుమ్ము పడకుండా."

"వేడి బయటికి పోవాలి కదమ్మా! పాపం, ఇన్నాళ్లూ జ్వరంతోనే పనిచేసింది." పెట్టె మీది అంకెలు చూడాలని కవరు లాగాడు. రాలేదు. కత్తెర తీశాడు. "ఈ కుట్టు ఎవరిదోగానీ, ప్రాణం పోయినా ఊడదు."

అత్తయ్య ఛాతీ ఉప్పొంగింది. అంతలోనే ఆయన వైరు మీద పడిన మడతలు తడుముతూ అడిగాడు. "ఇంత బిగువుగా చుట్టిందెవరు?"

"మా కోడలు."

ఆ మాట నోట్లోంచి ఎలా జారిందో ఆవిడకే తెలియదు.

"అయితే ఆవిడకు చెప్పండి. పెట్టెలోంచి వైరు బయటికొచ్చే చోటు, దీని మెడ అనుకోండి, రోజూ అక్కడే విరిచేసింది. లోపలి తీగలన్నీ తెగిపోయాయి. ఎలా పడితే అలా వదిలేసేవాళ్లు నా దగ్గరికి పెద్దగా రారమ్మా. ఇలా ముచ్చటగా దాచుకునేవాళ్లే వస్తారు."

"చెబుతా, గట్టిగా చెబుతా," అంది అత్తయ్య చెవులు మండుతుండగా.

ఆయన పాత పెట్టె మీది వోల్టులూ ఆంపియర్లూ చూసి, పిన్ను కూడా సరిపోల్చి కొత్తది ఇచ్చాడు. చుట్టేటప్పుడు మెడ దగ్గర కాస్త వదిలి, పళ్లెమంత చుట్లు వదులుగా వేయమన్నాడు. అత్తయ్యకు దాన్ని ముట్టుకోవాలంటేనే భయం వేసింది. సంచిలోంచి తోకలా వేలాడుతుంటే అలాగే ఇంటికి మోసుకొచ్చింది.

పన్నెండుకు ఇరవై నిమిషాలుండగా దీపం వెలిగింది. కోడలి ముఖం మాత్రం వెలగలేదు.

"షాపాయన ఏమన్నాడత్తయ్యా? నేను లాగడం వల్లేనా? నేనింతే. ఏది ముట్టుకున్నా పాడుచేస్తా."

ఊరుకుంటే సరిపోయేది. పరువు దక్కేది. కానీ ఆ పిల్ల ఆ మాటే మనసులో పెట్టుకుని తెర ముందు కూర్చోబోతోంది.

"నువ్వు కాదే," అంది అత్తయ్య గోడకేసి చూస్తూ. "నేనే. రోజూ దాని మెడ విరిచింది నేను. అది చాలదన్నట్టు దుప్పటి కప్పి ఉడకబెట్టాను. పైగా షాపులో నీ పేరు చెప్పొచ్చాను."

కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. ఆ నవ్వు ముఖంతోనే తెర ముందుకెళ్లింది. గంట తర్వాత బయటికొచ్చి, శుక్రవారం ఇంకోసారి మాట్లాడతామన్నారని చెప్పింది.

ఆ సాయంత్రం కోడలు వైరును వదులుగా చుట్టి బల్ల మీద పెట్టింది. పొద్దున్నే లేచిన జుట్టులా ఉంది అది. అత్తయ్య వేళ్లు వాటంతటవే కదిలాయి.

"అత్తయ్యా, చేతులు!"

ఆవిడ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు వీధిలో వెళ్తుంటే షాపాయన కేకేశాడు. "ఏమ్మా, మీ కోడలికి చెప్పారా? మారిందా?"

అత్తయ్య ఆగింది. ఇది కోడలు మోయాల్సిన నింద కాదు.

"చుట్టింది కోడలు కాదు బాబూ, నేనే. మారుతున్నాలే. ముదిరిన చేతులు కదా, కాస్త టైం పడుతుంది."