మిల్లు దాటాక రోడ్డు

“కథ అయిపోయింది కదా నాన్నా, ఇంకా ఏముందని అందులో?” పొద్దున్నుంచి మా అమ్మాయి ఇలా అడగడం నాలుగోసారి.

“రోడ్లున్నాయిగా,” అన్నారు మా ఆయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

అమ్మాయికి కొత్త వీడియో గేమ్ కావాలి. టీవీకి తగిలించిన గేమ్ పెట్టెలో పాతది తీసేస్తే తప్ప కొత్తదానికి చోటు చాలదు. పాతదాంట్లో కాల్పులూ, దొంగల్ని తరమడాలూ అన్నీ అమ్మాయే ఆడి, పోయిన నెల్లో కథ ముగించింది. అది వదిలేశాక ఆయన పట్టుకున్నారు. కథ అయిపోయినా అందులో ఊళ్ళూ కొండలూ సముద్రమూ అలాగే ఉంటాయట. ఎంతసేపైనా తిరగొచ్చు. చేయాల్సిన పనంటూ ఏమీ ఉండదు.

“పని లేదు గానీ ఊరంతా ఉంది. అచ్చం మావాడి బతుకే,” అన్నారు మా అత్తగారు బఠాణీలు ఒలుస్తూ.

“నువ్వూరుకో అమ్మా.”

ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపారాయన. ఎడమకన్ను మసకబారిందని నిరుడు డిపోవాళ్ళు స్టీరింగ్ దగ్గర్నించి దించేశారు.

నేను అమ్మాయి పక్షమే. “దానికి సెలవులు పది రోజులే. ఇచ్చేయకూడదూ?” అని సణుగుతూ, ఉతికిన బట్టలు మడతపెట్టడానికి సోఫా చివర కూచున్నాను. ఆయన ఆటని నేను సరిగ్గా చూడడం అదే మొదటిసారి.

ఆయన ఒక పసుపురంగు వ్యాను నడుపుతున్నారు. ఎర్రలైటు పడితే ఆగుతున్నారు. ఆగకపోయినా అడిగేవాళ్ళు లేరని అమ్మాయి ఎన్నిసార్లో చెప్పింది. ప్రతి బస్టాపు దగ్గరా వ్యాను పక్కకి తీసి రెండుసార్లు హారన్ కొడుతున్నారు. ఆయన రూటులో దానికి ‘రండి, ఎక్కండి’ అని అర్థం. ఇక్కడ మాత్రం హారన్ వినగానే స్టాపులో నిలబడ్డవాళ్ళంతా చేతులు పైకెత్తి పరుగో పరుగు.

“వాళ్ళు భయపడతారు నాన్నా, కొట్టకు!”

“అలవాటుపడ్డ వేలు. నన్నేం చేయమంటావు?” అని, ఖాళీ స్టాపు వైపు చూస్తూ పెదాలు కదుపుతూ పది లెక్కపెట్టి, అప్పుడు కదిలారు.

“ఎవరికోసం ఆ లెక్క?” అన్నాను.

“ఎవరైనా పరిగెత్తుకొస్తుంటారేమోనని.”

నా చేతిలో చొక్కా సగం మడతలోనే ఆగిపోయింది. ఆ లెక్క సంగతి నేను విన్నదే. ‘మీ ఆయన మాకోసం ఆపుతాడమ్మా’ అని కూరల దుకాణంలో ఆడవాళ్ళు మురిసిపోయేవారు. ఆయన బస్సు ఎక్కనిదాన్ని నేనొక్కదాన్నే. ఇంటివాళ్ళు ఎక్కితే ధ్యాసంతా వెనక సీట్లు కనిపించే అద్దంలోకి పోతుందని ఆయన పట్టు. పెళ్ళైన కొత్తలో ఒకసారి స్టాపులో నిలబడితే, ‘వెనకాల ఇంకో బస్సుంది’ అని చెప్పి వెళ్ళిపోయారు. పది కూడా లెక్కపెట్టలేదు.

వ్యాను పిండిమిల్లు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

“రోడ్డు ఇంకా ఉందిగా?” అన్నాను.

“లైట్‌హౌస్ దాకా ఉంది.”

“మరి వెళ్ళరేం?”

“అదీ చూసేస్తే, ఇక చూడనిదంటూ ఏం మిగులుతుంది?”

సగంలో ఆగిన చొక్కా మడత పూర్తిచేస్తూ, “నన్ను ఎక్కించుకోనిది ఆ బస్సొక్కటే అనుకున్నా. ఇదీ అంతేనన్నమాట,” అన్నాను.

ఈసారి ఆయన టీవీ మీంచి చూపు తిప్పారు. వ్యాను రోడ్డు మధ్యలోనే చాలాసేపు ఆగి ఉంది.

మధ్యాహ్నం అందరం భోజనాలకి కూచున్నాం. అమ్మాయి అలిగి తలెత్తడం లేదు. ఆయన మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, మెల్లగా అన్నారు.

“రేపు సాయంత్రం ఆ పాత గేమ్ తీసెయ్ తల్లీ. పొద్దున్నే మిల్లు దాటి చివరిదాకా వెళ్ళొస్తాం.”

“వెళ్ళొస్తాం అంటే? నువ్వు కాక ఇంకెవరు?”

“మీ అమ్మ ఎక్కుతుంది.”